అక్క రంగం పెట్టె

అక్క ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కోటబొమ్మాళి నుంచి చీపురుపల్లి దాకా ప్యాసింజర్ బండిలో వచ్చింది. పాత నేతచీర ముక్కలో చుట్టి, పైన ముడి వేసి, దారంతా రెండు చేతులతో పట్టుకునే ఉందట. భావనపాడు వైపు నుంచి ఎండుచేపల గంపలతో వచ్చిన ఆడవాళ్ళు అప్పటికే బోగీలో కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె అక్క ఒడి వైపు చూసి నవ్విందట.

"ఏటమ్మా, సంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు. కింద పెడితే ఏడుస్తాదేటి?"

"ఏడవదే. నాకంటే పెద్దది అది" అన్నదట అక్క.

మా గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈ సంగతి తనే చెప్పి నవ్వింది. నా భార్య నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత నా భార్య పెట్టె వైపు చూసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మా ఇంట్లో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆడపిల్ల పుట్టింటికి రావడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు.

రంగూన్‌ను మా వైపు రంగం అంటారు. మా ముత్తాత యుద్ధానికి ముందు అక్కడ గిన్నెల వ్యాపారం చేసి తిరిగొచ్చినప్పుడు తెచ్చిన తాంబూలం పెట్టె అది. గుండ్రంగా, జానెడు కంటే కొంచెం ఎత్తు ఉంటుంది. వెదురును దారమంత సన్నగా చీల్చి అల్లి, దాని మీద లక్కలాంటి జిగురు పూత మీద పూత వేశారు. ఎర్రటి పెట్టె. దాని మీద సూదితో గీసినట్టు నల్లగా, పచ్చగా మనుషులు, గుర్రాలు, మేడలు. లోపల ఒకదాని మీద ఒకటి రెండు పళ్ళేలు. మూత కిందిదాకా వచ్చి పెట్టెనంతా కప్పేస్తుంది. ఆ మూతను పైన వదిలేస్తే దబ్బున పడేది కాదు. లోపలి గాలి బయటికి పోయేకొద్దీ, ఎవరో కనపడని చేత్తో దించుతున్నట్టు నెమ్మదిగా దిగేది. చిన్నప్పుడు అక్కా నేనూ నేల మీద బోర్లా పడుకుని, అది దిగేదాకా ఊపిరి బిగబట్టేవాళ్ళం. ముందు ఊపిరి వదిలినవాళ్ళు ఓడినట్టు. ఎప్పుడూ నేనే ఓడేవాణ్ణి.

ఆ పెట్టెకు మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు పెళ్ళయితే, ఆకులు, వక్కలు, పసుపుకొమ్ములు నింపిన ఆ పెట్టె ఆమెతో అత్తవారింటికి వెళ్ళేది. మొదటి పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె దాన్ని తిరిగి తెచ్చేది. బిడ్డను ఎత్తుకుని వెళ్ళేటప్పుడు మాత్రం పెట్టెను మా ఇంట్లోనే వదిలి వెళ్ళేది, తర్వాతి ఆడపిల్ల కోసం. మా మేనత్తలు అలాగే తీసుకెళ్ళారు, అలాగే తెచ్చారు. బంధువులకు అదొక పలకరింపు కూడా అయిపోయింది. కొత్తగా పెళ్ళైన పిల్లను నీళ్ళు పోసుకున్నావా అని నేరుగా అడగడానికి మొహమాటపడి, "పెట్టె ఎప్పుడొస్తాది?" అనేవారు.

అక్కను ఆ మాట చాలా ఏళ్ళు అడిగారు. తర్వాత మానేశారు. అక్కకు పిల్లలు కలగలేదు. పెట్టె కోటబొమ్మాళిలోనే ఉండిపోయింది. మా అమ్మ పోయేదాకా దాని మాట ఎత్తలేదు. నా కూతురి పెళ్ళి కుదిరినప్పుడు నా భార్య ఒకసారి ఎత్తింది. "మన పిల్లకి ఆ భాగ్యం లేదేటండీ? మీ అక్క ఆకు కూడా నమలదు కదా" అంది. నేను ఊరుకోమన్నాను. ఊరుకోమన్నందుకు నన్ను నేను మంచివాణ్ణి అనుకున్నాను కూడా.

ఇప్పుడు అక్క పెట్టెతో వచ్చింది. బావ పోయి అప్పటికి ఏడాది దాటింది. బావ, ఆయన తమ్ముళ్ళు కలిసి ధాన్యం వ్యాపారం చేసేవారు. బావ పోయాక మరుదులు అక్కను వెనకవైపు ధాన్యం కొట్టును ఆనుకున్న గదిలోకి మార్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వేళకు అన్నం పెడతారు. జ్వరం వస్తే మాత్రలు తెస్తారు.

"అడిగితే ఇస్తార్రా" అంది అక్క కాఫీ ఊదుకుంటూ. "ఉప్పైనా, సబ్బైనా. కాదనరు. కానీ అడగాలి కదా."

కోటబొమ్మాళిలోనే స్టేషన్ దారిలో ఒక గది చూసుకుందట. ముందు చిన్న అరుగు, వెనక కుళాయి. ఇంటావిడ ఒంటరి ముసలామె. అక్క అప్పడాలు, వడియాలు పెడితే ఊరంతా మెచ్చుకుంటారు. అరుగు మీద పెట్టి అమ్ముకుంటాననీ, గదికి అడ్వాన్సు, పిండికీ పప్పుకీ కొంచెం పెట్టుబడి ఉంటే చాలుననీ చెప్పింది.

"ఆషాఢంలో ఎలాగూ మారకూడదు. శ్రావణంలో పాలు పొంగిస్తాను. అందాకా ఎవలకీ ఇవ్వనన్నాది ఆవిడ. ఈ పెట్టె అమ్మిపెట్టరా. నువ్వు వ్యాపారం తెలిసినోడివి."

"గదెందుకక్కా, ఇక్కడుండు" అన్నాను. నా భార్య చెంబు తీసుకుని నీళ్ళకు లేచింది. చెంబు అప్పటికే నిండుగా ఉంది. అక్క అది చూసింది.

"ఇక్కడా అడగాలి కదరా తమ్ముడూ" అంది, కోపం ఏమీ లేకుండా.

బండి ఎక్కించడానికి స్టేషన్‌కు వెళ్ళినప్పుడు అక్క రెండు మాటలు చెప్పింది. "మర్యాదగా అడిగినోడికి ఇచ్చేయ్. ఎక్కువ ఆశపడొద్దు, గదికి సరిపోతే చాలు" అనేది మొదటిది. రెండోది, "ఎండ తగలనీకు. అమ్మ నీళ్ళ కుండల పక్కన ఉంచీది, గుర్తున్నాది కదా?" సరే సరే అన్నాను. అప్పుడు నేను సెల్లులో ఏదో చూసుకుంటున్నాను. ఏం చూస్తున్నానో ఇప్పుడు గుర్తు లేదు. గుర్తుంచుకోవలసినంత విషయం కాదు.

నాది గిన్నెల దుకాణం. మా నాన్న నాటికి ఇత్తడి బిందెలు, కంచు పళ్ళేలు, గంగాళాలు కొనడానికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. నా నాటికి స్టీలు వచ్చింది, తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, తర్వాత సెల్లులో కొనుక్కోవడం వచ్చింది. కానీ నా దుకాణం పడిపోయింది కాలం వల్లే అని చెబితే అబద్ధం. నా ఎదురుగా అదే సరుకుతో మొదలుపెట్టినవాడు మిక్సీలు, కుక్కర్లు తెచ్చి నిలబడ్డాడు. నేను గల్లా ముందు కూర్చుని వాడి దుకాణంలోకి ఎవరెవరు వెళ్తున్నారో చూస్తూ ఏళ్ళు గడిపాను.

పెట్టెను ఎలా అమ్మాలో మొదట్లో నిజంగానే ఆలోచించాను. విజయనగరంలో కోట దగ్గర పాత వస్తువులు కొనే ఒకాయన ఉన్నాడు. చెక్కిన తలుపులు, గోడ గడియారాలు, పాత దీపాలు ఆయన దుకాణం నిండా ఉంటాయి. పెట్టె ఫొటో చూపించాను.

"ఇది లోహం కాదు కదండీ" అన్నాడు. "తూకం లేని వస్తువుకి ధర ఎలాగ కట్టమంటారు? పోనీ ఓ పని చేద్దాం. పళ్ళేలు రెండూ వేరుగా, పెట్టె వేరుగా అమ్ముదాం. ముగ్గురు కొంటారు, మీకూ నాకూ కొంచెం మిగుల్తాది."

విడగొట్టడానికి మనసొప్పలేదు. ఆయన చెప్పిన ధర కూడా మరీ తక్కువ. తర్వాత నా కూతురు వచ్చినప్పుడు ఫొటోలు తీసి సెల్లులో అమ్మకానికి పెట్టింది. ఎక్కడెక్కడి వాళ్ళో మెసేజీలు పెట్టారు. ఒకడు ఇది అసలుదేనా అని అడిగాడు. ఒకడు సగం ధరకు ఇస్తావా అన్నాడు, నేను ధరే చెప్పకముందే. ఇంకొకడు మీ ఇంట్లో పాత రేడియోలు ఉన్నాయా అని అడిగాడు. ఎవడి చేతిలో పెట్టాలో తెలియక నాలుగు రోజులకే తీసేయమన్నాను.

అప్పుడు దాన్ని దుకాణంలో పెట్టాను. గల్లా పక్కన ఇత్తడి కుందులు ఉండే అర ఖాళీ చేసి, ఎర్రగుడ్డ పరిచి, మధ్యలో ఉంచాను. కొనేవాడు కళ్ళతో చూసుకోవాలి కదా అనుకున్నాను. అది నిజమే. కానీ మర్నాటి నుంచి నాకు ఇంకొకటి దొరికింది. పక్క బట్టల దుకాణం ఆయన టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు.

"ఏటి బావా, దేవుడి మందిరం పెట్టీసినావేటి దుకాణంలో?"

"రంగం పెట్టె" అన్నాను. మూత పైన వదిలి, నెమ్మదిగా దిగడం చూపించాను.

ఆయన నోరు తెరిచి చూశాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. బ్యాంకు మేనేజరు భార్య చూడ్డానికి వచ్చింది. కాలేజీ లెక్చరర్ ఒకాయన అంచు చుట్టూ ఉన్న బర్మా అక్షరాలను సెల్లుతో ఫొటో తీసుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత నా దుకాణం ముందు చెప్పులు కనిపించాయి. ముత్తాత కథ చెప్పడం మొదలుపెట్టాను. మొదట తెలిసిందే చెప్పాను. తర్వాత కొంచెం కలిపాను. ఒక రోజు ముత్తాత ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని అడవుల్లో నడిచి వచ్చాడన్నాను. నిజానికి ఆయన ఓడలో వచ్చాడు, హాయిగా. వింటున్నవాళ్ళు చ్చుచ్చు అన్నారు. నాకు ఎంత బాగుందో చెప్పలేను.

అక్క ఫోను చేసింది. "ఎవలైనా అడిగారేటిరా?"

"చూస్తన్నారు, చూస్తన్నారు" అన్నాను.

వేసవి మధ్యలో విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. సముద్రం ఒడ్డున హోటళ్ళకు గదులు అలంకరించే పని చేస్తాడట. ఎవరో చెబితే విని, వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై దాటి ఉంటాయి. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుంటానని నీళ్ళడిగి, తుడుచుకుని, అప్పుడు పెట్టెను ముట్టుకున్నాడు. మూత తీసి, అంచును వేళ్ళతో మెల్లగా నొక్కి చూసి వదిలాడు. అది వంగి మళ్ళీ గుండ్రంగా అయింది.

"చాలా బాగా దాచారండీ" అన్నాడు. "ఎవరు దాచారు?"

"మేమే" అన్నాను.

ఆయన ఒక ధర చెప్పాడు. అక్క గదికి అడ్వాన్సు, పెట్టుబడి పోను, ఒక ఏడాది ఎవర్నీ ఏమీ అడగకుండా బతకడానికి సరిపోయే ధర. డబ్బు అప్పుడే ఇచ్చి తీసుకెళ్తానన్నాడు.

మా వ్యాపారంలో కొనేవాడు మొదట చెప్పిన ధరకు అమ్మేవాడు తలూపడు. తలూపితే, ఇంకా తగ్గి ఉండేదేమో, సరుకులో ఏదో లోపం ఉందేమో అని కొన్నవాడే బాధపడతాడని నాన్న చెప్పేవాడు. ఒక బిందె కోసం రైతుతో పూటంతా బేరం ఆడి, చివరికి ఇద్దరూ నవ్వుకుంటూ టీ తాగడం నేను చూశాను. నాకు అబ్బిన వ్యాపారం అదొక్కటే. అది కూడా వంకరగా అబ్బింది. నాన్న బేరం ఆడింది అమ్మడానికి. నేను ఆ రోజు ఆడింది, ఆ అర ఖాళీ అవుతుందనే భయంతో. అది అప్పుడు నాకు తెలియలేదని చెప్పను. కొంచెం తెలుసు.

"ఇంటివాళ్ళతో మాట్లాడి చెప్తానండీ. ఇంకొకరు కూడా అడుగుతున్నారు" అన్నాను. ఇంకొకరు ఎవరూ లేరు.

ఆయన కార్డు ఇచ్చి, రెండు వారాల్లో ఒడిశా వైపు వెళ్తూ మళ్ళీ వస్తానన్నాడు. ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఎవలైనా వచ్చారా?"

"ఇంకా ఎవరూ రాలేదక్కా."

"పోన్లే. తొందరేటి లేదు" అంది. ఆ మాట నా కోసం అంది. ఇంటావిడ వేరే వాళ్ళు కూడా అడుగుతున్నారని రెండుసార్లు చెప్పిందని నాకు తర్వాత తెలిసింది.

ఆయన మళ్ళీ వచ్చే రోజు దగ్గర పడేసరికి నాకు ఇంకో ఆలోచన వచ్చింది. పెట్టె మీద ఏళ్ళ తరబడి పూజల్లో అద్దిన పసుపు, కుంకుమ, నూనె మరకలు గీతల మధ్య పేరుకుని ఉన్నాయి. మా దుకాణంలో ఏ వస్తువైనా చూపించే ముందు చింతపండుతో తోమి, కడిగి, డాబా మీద ఎండలో ఆరబెడతాం. తళతళలాడే సరుకుకే ధర. బిందెకైనా, కుందికైనా నలభై ఏళ్ళుగా నేను చేసిన పని అదే. మరకలు పోతే ఆయన ఇంకొంచెం పెంచుతాడనుకున్నాను. ఇటుకపొడి వాడకూడదని మాత్రం నాకు తోచింది. చింతపండు పులుసు పల్చగా కలిపి, మెత్తటి కొబ్బరి పీచుతో రుద్దాను. జాగ్రత్తగానే చేస్తున్నానని నమ్మాను.

నా భార్య డాబా మెట్ల దగ్గర నుంచి చూసింది. "మీ అక్క ఎండలో పెట్టొద్దన్నాది కదండీ."

"నలభై ఏళ్ళ నుంచి గిన్నెలు తోమతన్నాను. నువ్వు నేర్పుతావేటి నాకు?"

ఆమె కిందికి వెళ్ళిపోయింది.

రోహిణీ కార్తె ఎండ. మూత, పెట్టె, రెండు పళ్ళేలు వరసగా తెల్లగుడ్డ మీద పెట్టి, దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చి పైకి ఎక్కాను. ముందు నాకు ఏమీ అర్థం కాలేదు. గుడ్డ మీద ఎర్రగా ఏదో రాలి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే పెట్టె ఒంటి మీద పూత చేప పొలుసుల్లా లేచి ఉంది. చేత్తో తాకితే గుర్రాలు, మనుషులు నా వేళ్ళకు అంటుకుని ఊడి వచ్చారు. కింద వెదురు అల్లిక కనిపిస్తోంది. మూత అంచు ఒక చోట నిలువునా చీలింది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగింది.

అక్కడే కూర్చుండిపోయాను. కాళ్ళ కింద డాబా కాలుతున్నా లేవలేకపోయాను. నా భార్య పిలిచి పిలిచి పైకి వచ్చింది. ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె మళ్ళీ కిందికి దిగి, వంటింట్లోంచి స్టీలు మూత తెచ్చి, రాలిన పెచ్చులను చీపురుతో కాకుండా చేత్తో ఒక్కొక్కటీ ఏరి అందులో వేసింది. తర్వాత అన్నీ నీడలోకి తీసుకెళ్ళింది.

విశాఖపట్నం ఆయన చెప్పిన రోజుకే వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కున్నాడు. పెట్టె మీద కప్పి ఉంచిన ఎర్రగుడ్డ తీశాను. ఆయన పెట్టెను చేతుల్లోకి తీసుకోలేదు. వంగి చాలాసేపు చూశాడు.

"ఏం జరిగిందండీ?"

"ఎండ" అన్నాను. "బాగు చేయించొచ్చా?"

"ఇక్కడ చేసేవాళ్ళు నాకు తెలియదండీ." ఆయన గొంతులో కోపం లేదు. చావు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేను తెప్పించిన టీ వద్దనకుండా పూర్తిగా తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తూ గుడ్డను ఆయనే సరిచేసి కప్పాడు.

అక్కకు చెప్పడానికి ఆషాఢమంతా పట్టింది. ఫోనులో చెప్పలేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇంట్లో ఒక బీరువా వెనక పాత ఇత్తడి సరుకు ఉంది, నాన్న నాటిది, అమ్ముడుపోనిది. దాన్ని పాత లోహం కింద తూకానికి వేస్తే అక్క అడ్వాన్సుకు దాదాపు సరిపోతుందని ఆ రోజుల్లోనే నాకు తట్టింది. ఎప్పుడైనా తట్టవలసింది. పెట్టె రాకముందే, అక్క నోరు తెరవకముందే తట్టవలసింది. దాన్ని అమ్మి డబ్బు జేబులో పెట్టుకుని, పెట్టెను అదే నేతచీర ముక్కలో చుట్టుకుని, శ్రావణం మొదట్లో కోటబొమ్మాళి బండెక్కాను. దారంతా పెట్టె నా ఒళ్ళోనే ఉంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అక్క ధాన్యం కొట్టు పక్క గదిలో, బస్తాల దుమ్ము పడకుండా కిటికీకి పాత పంచె కట్టుకుని ఉంది. మరుదుల ఇంటి కోసం అప్పడాలు వత్తుతోంది. నన్ను చూసి పీట పక్కకు జరిపింది. నేను మూట విప్పి ముందు పెట్టాను.

ఆమె చేతులు పిండితో ఉన్నాయి. కొంగుకు తుడుచుకుని పెట్టెను ఒళ్ళోకి తీసుకుంది. మూత తీసి, మళ్ళీ పెట్టి, చిన్నప్పటిలా పైన వదిలింది. అది సగం దాకా కూడా రాలేదు. ఒక పక్కకు ఒరిగి ఇరుక్కుంది. అక్క దాని వైపే చూస్తూ కూర్చుంది. చిన్నప్పటిలాగే ఊపిరి బిగబట్టిందేమో నాకు తెలియదు.

"ఎండలో పెట్టావేటి?"

"పెట్టాను."

నేను జేబులోంచి డబ్బు తీసి పీట మీద పెట్టాను. "గదికి కట్టెయ్యక్కా. ఇవాళే కడదాం, నేనూ వస్తాను."

"గది పోయిన వారమే వేరే వాళ్ళకి ఇచ్చేసినాది" అంది. "సెల్ ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళట. ఆవిడని అనడానికేటున్నాది. ఎన్నాళ్ళు ఆగుతాది?"

ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ చెప్పేస్తే కొంచెం తేలికపడతానని అనిపించింది. చెప్పేశాను. విశాఖపట్నం నుంచి ఆ మనిషి రావడం, ఆయన చెప్పిన ధర, ఎవరూ రాలేదని నేను ఫోనులో చెప్పడం, దుకాణంలో జనం చేరడం నాకు నచ్చడం, అన్నీ. తల దించుకుని చెప్పాను. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

అక్క అంతా విని, పెట్టెను పక్కన పెట్టింది. పీట మీది పిండిముద్దను మళ్ళీ తీసుకుంది గానీ, వత్తలేదు.

"ఇదంతా నాకెందుకు సెప్పావురా?" అంది. "ఎవలూ రాలేదంటే నా రాత అనుకుందును. పిల్లలు లేకపోవడం రాత అనుకోలేదేటి? మీ బావ పోవడం రాత అనుకోలేదేటి? ఇదీ అలగే అనుకుని పడుండేదాన్ని. ఇప్పుడు ఏటనుకోమంటావు? నాకున్నది నువ్వొక్కడివి."

పెట్టెను పాడుచేసింది నా తెలివితక్కువ అనుకుందాం. ఆ మనిషిని తిప్పి పంపింది నా గొప్పలు. కానీ ఆ రోజు ఆ గదిలో నేను చేసింది వాటికంటే పెద్దది. మోయలేని బరువును తెచ్చి, నేను తేలికపడటానికి, ఆమె ఒళ్ళో పెట్టాను. మన్నించమని అడగడం కూడా ఒక రకం బేరమేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆమె బేరం ఆడలేదు. మన్నించాననలేదు, మన్నించననలేదు.

"అన్నం తిని ఎల్లు. బండికి ఇంకా టైమున్నాది" అంది కాసేపటికి. లేచి అటువైపు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళకుండా నిలబడి, తోడికోడలిని అడిగింది. "మా తమ్ముడు వచ్చాడు. ఓ ముద్ద ఎక్కువుంటాదేటమ్మా?"

ఆ మాట విన్నాక ఆ అన్నం ఎలా దిగిందో నాకు తెలియదు. తిన్నాను. తినకపోతే ఆమె అడిగింది వృథా అయిపోతుంది.

అక్క డబ్బు తీసుకోలేదు. గది దొరికినప్పుడు అడుగుతానంది. నేను ఇంకో గది వెతుకుతానన్నాను. వెతికాను. ఒకటి దూరం, ఒకటి మేడ మీద, ఒకచోట ఒంటరి ఆడమనిషికి ఇవ్వం అన్నారు. ఒకటి దొరికి ఫోను చేస్తే, "ఇప్పుడొద్దులేరా, అలవాటైపోనాది" అంది. ఆ గొంతులో అలవాటు లేదు. ఇంకోసారి ఆశపడి ఎదురుచూసే ఓపిక లేదు, అంతే.

పెట్టె ఆమె దగ్గరే ఉంచేసుకుంది. ఎందుకని అడగలేదు. మూత లేకుండా బల్ల మీద పెట్టి, లోపలి పళ్ళెంలో మాత్రలు, సూదులు, దారం వేసుకుందని నా కూతురు చూసొచ్చి చెప్పింది.

ఫోను చేస్తే ఎత్తుతుంది. నా భార్య బాగుందా అంటుంది, దుకాణం ఎలాగున్నాది అంటుంది. బాగానే ఉందంటాను. అంతకంటే మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ ఇప్పుడేమీ ఉండదు.

దుకాణంలో ఆ అర ఇప్పటికీ ఖాళీగానే ఉంది. కుందులు మళ్ళీ పెట్టాలంటే చేయి రావడం లేదు. పాత అలవాటు కొద్దీ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు తొంగిచూసి, "రంగం పెట్టె ఏదండీ?" అంటారు. అమ్మేశామంటాను. మొన్న పక్క బట్టల దుకాణం ఆయన కూడా టీ గ్లాసుతో వచ్చి అదే అడిగాడు.

"ఎంతకిచ్చావు?"

విశాఖపట్నం ఆయన ఆ రోజు మొదటి మాటగా చెప్పిన ధరే చెప్పాను. ఎవరడిగినా అదే చెబుతున్నాను.

ఆయన టీ చప్పరించి తల అడ్డంగా ఊపాడు. "తొందరపడిపోనావు బావా" అన్నాడు. "ఇంకొన్నాళ్ళు ఆగాల్సింది."